సగం ధరకు సోనీ ఏ7 ఫోర్: పది శాతం కట్టి బుక్ చేసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ చూసి ఒక సైటులోకి వెళ్లారు. సోనీ ఏ7 ఫోర్ కెమెరా కొత్త బాడీ, అంటే లెన్సు లేకుండా, 1,18,000 రూపాయలు అన్నారు. అడ్రసు కోఠి, హైదరాబాద్ అని ఉంది, జీఎస్టీ నంబరూ ఉంది. పది శాతం ముందు కడితే బుకింగ్, మిగతాది డెలివరీ అప్పుడు. నమ్మొచ్చా?

వద్దండి. పదకొండు వేల ఎనిమిది వందలే కదా, పోతే పోనీ అనిపించేలా ఆ పది శాతం లెక్క వేసి పెట్టుకున్నారు. వాళ్ల వ్యాపారమే ఆ పది శాతం. మిగతా తొంభై శాతం గురించి వాళ్లకు బెంగ లేదు, ఎందుకంటే ఇవ్వడానికి కెమెరా లేదు.

నేను మలక్‌పేటలో ఉంటాను, పెళ్లిళ్లు తీయడం నా పని. మా ఫీల్డులో కుర్రాళ్లు ఏదైనా కొనేముందు లింకు నాకు పంపి "అన్నా, ఒకసారి చూడు" అంటారు. సైటు ఎంత బాగుందో నేను చూడను. పెద్ద కంపెనీ సైటును దించినట్టు తయారు చేయడం ఇప్పుడు పెద్ద పని కాదు. పైన తాళం గుర్తు ఉందంటారు కొందరు. మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య మాట మూడోవాడికి వినబడదని మాత్రమే దానర్థం. అవతలివాడు దొంగో దొరో అది చెప్పదు. నేను చూసేది రెండే: బిల్లు ఎవరి పేరుతో వస్తుంది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది. ఆ రెండు పేర్లూ కలవకపోతే ఇక మాటలు అనవసరం.

ముందు ధర సంగతి. ఈ బాడీ మన దేశంలో 2022 జనవరిలో 2,42,490 రూపాయలకు వచ్చింది. తర్వాత ఆఫర్లలో తగ్గుతుంది, కొత్త మోడల్ వస్తే ఇంకా తగ్గుతుంది, అది మామూలే. కానీ ఏ షాపువాడూ సగానికి ఇవ్వలేడు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. ఆ 2,42,490లో పన్ను భాగం సుమారు 37 వేలు. అంటే ఒకడు పన్ను మొత్తం ఎగ్గొట్టి బిల్లు లేకుండా అమ్మినా మీకు తగ్గించగలిగేది ఆ 37 వేలు, ఇంకొంచెం తన మార్జిన్. కోఠిలో ఎంత గట్టిగా బేరమాడినా బాడీ మీద దిగేది కొంచెమే. ఇంకా గుంజితే బ్యాగో మెమరీ కార్డో చేతిలో పెడతారు. లక్షకు పైగా తగ్గించానన్నవాడు ఎక్కడి నుంచి తగ్గించాడో మీరే అడిగి చూడండి.

ఇక అడ్రసు. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఇది మీకు కలిసొచ్చే విషయం. మెట్రో ఎక్కి వెళ్లి చూడండి. ఆ మధ్య మా టీములో వీడియో తీసే అబ్బాయికి ఇలాంటి సైటే తగిలింది, లెన్సులు అమ్ముతామన్నది. ఫ్లాష్ రిపేరుకు నేను ఎటూ కోఠి వెళ్తున్నాను కదా అని ఆ అడ్రసు పట్టుకుని ఒక కాంప్లెక్సు రెండో అంతస్తు ఎక్కాను. షాపు నంబరు నిజమే, ఉంది. లోపల టైలరింగ్ మెటీరియల్: గుండీల డబ్బాలు, జిప్పులు, లైనింగ్ గుడ్డ తానులు. గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన తల కూడా ఎత్తలేదు. "కెమెరా కోసమా? ఇక్కడ లేవు భాయ్, గుండీలున్నయ్" అన్నాడు. అద్దానికి ఒక అట్టముక్క అతికించి ఉంది: "కెమెరాలు అమ్మబడవు". కింద అదే మాట హిందీలో. పాపం, ఎంతమంది మెట్లెక్కి అడిగితే ఆయన ఆ అట్ట రాసుకున్నాడో!

జీఎస్టీ నంబరు ఉంది కదా అన్నారు. నంబరు ఉండటం కాదు, అది వాళ్లదేనా అన్నది ప్రశ్న. ఏ దుకాణం బిల్లు మీదైనా ఆ నంబరు అచ్చయి ఉంటుంది, ఎవరైనా ఎత్తుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే నంబరు కొట్టి చూడొచ్చు. అసలు పేరు, వ్యాపారం పేరు, ఎప్పుడు రిజిస్టరైంది, ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా, ఎక్కడుంది, అన్నీ వస్తాయి. నేను చూసిన లెన్సుల సైటు నంబరు కొడితే వేరే రాష్ట్రంలో బియ్యం వ్యాపారి పేరు వచ్చింది. పోర్టల్ తెరవకముందే పట్టుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. మొత్తం పదిహేను అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం కోడు, తెలంగాణకు 36. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. పాన్‌లో నాలుగో అక్షరం సి అయితే కంపెనీ, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, పి అయితే ఒక మనిషి. సైటు అడుగున "ప్రైవేట్ లిమిటెడ్" అని రాసుకుని, నంబరులో ఆ చోట పి ఉందంటే మీ సందేహం తీరినట్టే.

ఆ తర్వాత ఫోన్ చేయండి. ఒక్క మాట చాలు: "నేను హైదరాబాద్‌లోనే ఉంటాను, సాయంత్రం షాపుకొచ్చి పూర్తి డబ్బు కార్డు మీద కట్టి బాక్సు తీసుకెళ్తాను." నిజమైన షాపువాడికి ఇంతకంటే మంచి కస్టమర్ ఉండడు. నేను ఇలా అడిగినప్పుడు అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా, "సర్, షోరూం రినోవేషన్‌లో ఉంది, మాల్ గోడౌన్ నుంచి డైరెక్టుగా వస్తుంది, కార్డు మెషిన్ సర్వర్ ప్రాబ్లం" అన్నాడు. మూడు ఇబ్బందులూ ఒకేసారి వచ్చాయి వాళ్లకు! క్యూఆర్ పంపాడు. స్కాన్ చేస్తే పిన్ కొట్టే ముందు బ్యాంకులో ఉన్న పేరు యూపీఐ యాప్‌లో కనిపిస్తుంది కదా, అక్కడ సైటు పేరు లేదు, ఎవరో ఒక మనిషి పేరు ఉంది. ఆ లైను చదవకుండా చాలామంది నేరుగా పిన్ కొట్టేస్తారు.

ఆ పది శాతం కట్టినవాళ్లకు తర్వాత ఏం జరుగుతుందో కూడా చెప్తాను. రెండు రోజులకు కొరియర్ నంబరంటూ ఒకటి వస్తుంది. ఆ తర్వాత "ఇన్సూరెన్స్ కట్టాలి, రీఫండబుల్". తర్వాత "కస్టమ్స్‌లో ఆగింది". మొదట కట్టింది పోతుందేమోనన్న టెన్షన్‌తో రెండోది కడతారు, రెండోది పోతుందని మూడోది. చివరికి నంబరు స్విచాఫ్.

యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బు తిరిగి రావడం కష్టం. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మన బాధ్యత ఎంతవరకు అని ఆర్‌బీఐ 2017లో నిబంధనలు ఇచ్చింది. మన చేత్తో మనం పంపినదానికి అవి పెద్దగా ఉపయోగపడవు. క్రెడిట్ కార్డు అయితే సరుకు రాలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి ఒకటైనా ఉంటుంది. అందుకే కొత్త షాపుతో మొదటి బేరం నేను ఎప్పుడూ కార్డు మీదే చేస్తాను, రెండు శాతం ఎక్కువ అడిగినా సరే.

ఇంకో రకం ఉంది, దాన్ని మోసంతో కలపకూడదు: గ్రే మాల్. కెమెరా నిజమైనదే, కాకపోతే కంపెనీ ఇండియా శాఖ ద్వారా రాలేదు. మన దగ్గర "ఇంపోర్టెడ్ పీస్" అంటారు. ధర కొంత తక్కువ, కంపెనీ ఇండియా వారంటీ ఉండదు, "షాపు వారంటీ" అని విజిటింగ్ కార్డు వెనక రాసిస్తారు. షట్టర్ పోయిన రోజు ఆ కార్డు విలువ తెలుస్తుంది. బాక్సు తిప్పి చూడండి. దిగుమతి చేసిన ప్యాకెట్టు మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి. ఆ వివరాలున్న తెల్ల స్టిక్కరు లేదంటే అది దొడ్డిదారిన వచ్చింది. జపాన్ మార్కెట్ కోసం చేసిన సోనీ బాడీల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లో తప్ప రాదు. ముహూర్తం దగ్గర పడ్డప్పుడు సెట్టింగు వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇవన్నీ తెలిసి తీసుకుంటే మీ ఇష్టం. కొత్త సీల్ పీస్ అని చెప్పి అంటగడితే మాత్రం అదీ మోసమే.

విడిగా అమ్మే కిట్ లెన్సులదీ (బాడీతో కలిపి ఒకే బాక్సులో వచ్చేవి) ఇలాంటి కథే. కిట్ బాక్సు విప్పి బాడీ ఒకరికి, లెన్సు ఒకరికి అమ్ముతారు. లెన్సు తెల్లడబ్బాలో వస్తుంది. సరుకు మంచిదే, కానీ బిల్లూ వారంటీ కార్డూ బాడీ కొన్నవాడి దగ్గర ఉంటాయి. అమెరికాలో అయితే న్యూయార్క్ బ్రూక్లిన్ మెయిల్ ఆర్డర్ షాపులు కొన్ని ఒకప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశాయి. తక్కువ ధరకు ఆర్డరు తీసుకుని, "కన్ఫర్మేషన్" అని ఫోన్ చేసి, బాక్సులో కంపెనీ పెట్టిన బ్యాటరీనే విడిగా అమ్మచూసేవి. వద్దంటే "స్టాకు లేదు". ఆర్డరు పెట్టాక మనకు ఎవరైనా ఫోన్ చేసి బ్యాటరీ ఎక్స్‌ట్రా అంటే అది ఆ పాత ఆటే.

పెద్ద ప్లాట్‌ఫారాల మీద కొన్నా "అమ్మేది ఎవరు" అన్న లైను చూడండి, ఆ పేరు కంపెనీ వెబ్‌సైటులోని అధీకృత డీలర్ల జాబితాలో ఉందేమో సరిపోల్చండి. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి, విప్పి చూశాకే ఓటీపీ చెప్పండి. డెలివరీ అబ్బాయి తొందరపడతాడు, వాళ్ల కష్టం వాళ్లది. అయినా ఆగమనండి. కొరియర్ లేబుల్ నుంచి సీల్, బాడీ కింది సీరియల్ నంబరు దాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీసుకోండి.

మీరు ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ పోతుంది. విత్‌డ్రా అయ్యేలోపు ఎక్కడో ఒకచోట ఆపగలిగితేనే ఆశ. అందుకే "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనుకోవద్దు. నిజమైన షాపే పాడైన పీసు పంపి రీఫండ్ తిప్పుతుంటే అది వేరు, దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని ఆ షాపు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ నిబంధన పేరు ఎత్తి మెయిల్ పెడితే జవాబు తొందరగా వస్తుంది.

మీ బడ్జెట్ నిజంగా 1,20,000 దగ్గరే అయితే సెకండ్ హ్యాండ్ ఏ7 త్రీ (దీనికి ముందు మోడల్) చూడండి, పాత బిల్లుతో. అక్కడా ఒక రకంవాడు తగులుతాడు: "సికింద్రాబాద్ ఆర్మీ క్వార్టర్స్‌లో ఉన్నాను, ట్రాన్స్‌ఫరైంది, లోపలికి బయటివాళ్లని రానివ్వరు, ట్రాన్స్‌పోర్టు చార్జీ వేస్తే పంపిస్తా" అని యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపుతాడు. ఆ కార్డు ఇంకెవరిదో. నిజంగా అమ్మేవాడిని ఈరోజే తీసిన ఫోటో, దాని రా ఫైలు (కెమెరా తీసింది తీసినట్టు దాచే ఫైలు) అడగండి. కొన్ని కెమెరాల్లో ఫైలు లోపలే బాడీ సీరియల్ నంబరు ఉంటుంది, ఉంటే అది బిల్లు మీది నంబరుతో సరిపోవాలి. తర్వాత పగటిపూట, నలుగురు తిరిగే చోట కలిసి, మీ సొంత మెమరీ కార్డు వేసి, ఎఫ్16లో (లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి) తెల్లగోడను ఒక ఫోటో తీసి జూమ్ చేయండి. నల్లచుక్కలు కనిపిస్తే లోపల బొమ్మ పడే సెన్సారు మీద దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. గీత కనిపిస్తే సెన్సారే గీసుకుపోయినట్టు, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.