వేలిముద్ర పడకపోతే బియ్యం ఇవ్వరా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. కార్డులో నలుగురం ఉన్నాం: నేను, మా ఆయన, అత్తమ్మ, బాబు. ఆయన పనికోసం పుణె పోయి ఏడాదైంది. పత్తి ఏరే రోజుల్లో నా వేళ్లూ, అత్తమ్మ వేళ్లూ మెషీన్‌లో పడవు. పోయిన నెల మూడు రోజులు తిరిగితే మూడు రోజుల కైకిలి పోయింది. డీలరేమో రేపు రా, ఎల్లుండి రా అంటాడు. చివరికి బియ్యం ఇచ్చిన రోజు సబ్బుల ప్యాకెట్ కూడా అంటగట్టాడు. గట్టిగా అడిగితే కార్డు తీసేయిస్తాడని భయం. కొన్ని బియ్యం అమ్మి పప్పు, నూనె తెచ్చుకుందామని అత్తమ్మ అంటోంది. తప్పా? – ఒక చెల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లీ, ముందు ఆ భయం తీసెయ్. కార్డు ఇచ్చేదీ తీసేదీ డీలరు కాదు, పౌరసరఫరాల శాఖ. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు మీ హక్కు, దానికి మన రాష్ట్రం ఇంకో కిలో కలిపి 6 ఇస్తోంది, అంటే మీ నలుగురికి 24 కిలోలు, పైసా కట్టనక్కర్లేదు.

వేళ్ల సంగతి చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. ఎండిన పత్తికాయ మొనలు గీరుకుని ఆమె బొటనవేలి మీద సన్నటి పగుళ్లు ఉండేవి, వాటిలోకి మట్టి నల్లగా దిగి ఎంత తోమినా పోయేది కాదు. అలాంటి వేలు తీసుకెళ్లి ఆ చిన్న గాజు మీద పెడితే గీతలెక్కడ కనపడతాయి? రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాసుకుని, పొద్దున సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని వెళ్లండి. బొటనవేలే పెట్టాలని ఏం లేదు, చూపుడు వేలు, ఉంగరపు వేలు, ఎడమచేతి వేళ్లు కూడా పెట్టి చూడండి. ఇంట్లో ఒక్కరిది పడినా మొత్తం కార్డు బియ్యం ఇవ్వాల్సిందే. ఎవరిదీ పడకపోతే కంటిపాపను చూసే ఐరిస్ మెషీన్ పెట్టమని అడుగు, అడగకపోతే చాలాచోట్ల దాన్ని బయటికి తీయరు. వేలిముద్ర పడలేదని ఎవరికీ రేషన్ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది, కాబట్టి 'వేలు పడలేదు, పో' అనడం చెల్లదు. వీలు చూసుకుని ఆధార్ సెంటర్లో ఇద్దరి వేలిముద్రలు కొత్తగా తీయించుకోండి, పత్తి పనులు లేని నెలల్లో అయితే మంచిది.

ఇంకో మాట. ఆ ఒక్క షాపు చుట్టూనే తిరగాలని లేదు, రాష్ట్రంలో ఏ రేషన్ షాపుకైనా పోవచ్చు. దేవరకొండకు ఏదైనా పనిమీద వెళ్లిన రోజు సంచి వెంట పెట్టుకుని అక్కడే తెచ్చుకోండి. మీ కార్డు కేంద్రం ఆహార భద్రత లెక్కలో ఉంటే మీ ఆయన తన వాటా పుణెలోనే తీసుకోవచ్చు, ఈ-కేవైసీ (కార్డులో ఉన్న మనిషి తనేనని ఆధార్‌తో సరిచూసుకోవడం) కూడా అక్కడి రేషన్ షాపులోనే అవుతుంది, దానికోసం బస్సు ఛార్జీలు పెట్టుకుని రానక్కర్లేదు.

సబ్బులు కొనాలనే రూలు ఎక్కడా లేదు. వద్దని చెప్పు. బియ్యం ఆపితే అక్కడి నుంచే 1967కు ఫోన్ చెయ్, ఖర్చు లేదు. తేదీ, టైము కాగితం మీద రాసుకో. మళ్లీ అలాగే చేస్తే సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి ఆ కాగితంతో దరఖాస్తు ఇవ్వు, ఒక్కదానివే కాకుండా ఇలాంటి బాధ ఉన్న ఇంకో ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లు.

ఇక బియ్యం అమ్మే సంగతి. అత్తమ్మ అడిగినదాంట్లో అత్యాశ లేదు, ఇంట్లో పప్పు లేకపోతే వచ్చిన ఆలోచన అది. కానీ అమ్మొద్దు. అది నేరం, తెలిస్తే కార్డుకే ఎసరు వస్తుంది. పైగా దొడ్డు బియ్యం రోజుల్లో తినలేక అమ్ముకున్నారంటే ఒక అర్థం ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి కదా, వాటిని తక్కువకు అమ్మి, నెలాఖరులో అవే కిరాణా కొట్లో ఎక్కువకు కొనుక్కోవాల్సి వస్తుంది.

పప్పు, నూనె కావాలన్న మీ అత్తమ్మ మాట మాత్రం నాకూ సరైనదే అనిపిస్తోంది. ఉత్త అన్నం తిని పొద్దంతా చేలో వంగి పనిచేయడం ఎలా? ఉమ్మడి రాష్ట్రంలో 2013లో 'అమ్మ హస్తం' కింద కందిపప్పు, పామాయిల్, చింతపండు, పసుపుతో కలిపి 9 సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. అందులో లోటుపాట్లు ఉన్నాయి, కానీ కూలీ ఇంటి వంటగదిలో బియ్యం ఒక్కటే సరిపోదని అప్పుడు ఒప్పుకున్నట్టే కదా. ఊళ్లో ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు పప్పు, నూనె సంగతి లేవనెత్తు, మీ అత్తమ్మనే లేచి మాట్లాడమను.