ముందు విద్యార్థులెంతమందో అడుగు

అమ్మా,

యూనివర్సిటీలో డేటా గవర్నెన్స్ పని, అంటే ఏ సమాచారానికి ఎవరు బాధ్యులో, ఎవరు చూడొచ్చో, అది సరిగ్గా ఉందో లేదో చూసే పని, నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. ముందు ఒక్కో ఆఫీసుకీ వెళ్లి, "మన దగ్గర విద్యార్థులు ఎంతమంది?" అని అడిగి రా.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక మీటింగులో ఇదే ప్రశ్న వచ్చింది. అడ్మిషన్ల వాళ్లు ఒక అంకె చెప్పారు, పరీక్షల వాళ్లు ఇంకోటి, ఫీజుల వాళ్లు మూడోది. గంటసేపు గొడవపడ్డారు. తీరా చూస్తే ఎవరి లెక్కా తప్పు కాదు. ఒకరు సీటు తీసుకున్నవాళ్లని లెక్కపెట్టారు, ఒకరు పరీక్షకి దరఖాస్తు పెట్టినవాళ్లని, ఒకరు ఫీజు కట్టినవాళ్లని. మధ్యలో చదువు ఆపినవాళ్లు, థీసిస్ ఇచ్చేసి వైవా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఏ ఖాతాలోకి వస్తారో ఎక్కడా రాసి లేదు. విద్యార్థి అంటే ఎవరు, ఏ తేదీకి లెక్క అని ఒక పేజీ రాయించి, మూడు విభాగాల చేతా సంతకాలు పెట్టించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. నా సర్వీసు మొత్తంలో అంతకన్నా పనికొచ్చిన కాగితం ఇంకోటి లేదు.

రెండోది, జవాబుదారీ. డేటా అంతా ఐటీ వాళ్లదే అనుకుంటారు. సర్వరూ బ్యాకప్పూ చూసేది వాళ్లే, వాళ్లని కస్టోడియన్లు అంటాం. కానీ మార్కులు ఎవరు చూడొచ్చో తేల్చాల్సింది పరీక్షల విభాగం అధిపతి. ఎంట్రీలు సరిగ్గా ఉన్నాయో లేదో రోజూ చూసుకునే స్టీవార్డ్ ఆ విభాగంలోనే ఒకరు ఉండాలి. పత్రంలో మనిషి పేరు కాకుండా పదవి రాయించు. మనుషులు బదిలీ అవుతారు, వాళ్ల యాక్సెస్ మాత్రం ఉండిపోతుంది. పదవి మారిన రోజే పాత అనుమతి తీసేసే ఏర్పాటు చేయించు. మార్కుల్లో తప్పు దొరికితే నీ రిపోర్టులో దిద్దకు, అది పుట్టిన చోటే దిద్దించు. లేకపోతే వచ్చే నెల రిపోర్టులో మళ్లీ అదే తప్పు.

మూడోది, ఏ డేటా ఎంత దాచాలో విడదీయడం. అందరికీ తెలియొచ్చేది, లోపలివాళ్లకి మాత్రమే, గోప్యం, అతి గోప్యం. ఈ నాలుగు తరగతులు చాలు. ఏడు పెట్టి చూశాను, ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

పేర్లు తీసేశాం కాబట్టి ఫైలు ఇచ్చేయొచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 1990ల్లో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, పేర్లు లేని వైద్య రికార్డుల్ని ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నర్ రికార్డు ఏదో పట్టేసింది. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ సరిపోయాయి. మన దగ్గర అంతకూడా అక్కర్లేదు. ఒక డిపార్ట్‌మెంటులో ఫలానా కేటగిరీ విద్యార్థి ఒక్కరే ఉంటే, "ఆ కేటగిరీ సగటు మార్కు" అంటే ఆ పిల్ల మార్కే కదా. చిన్న గుంపుల అంకెలు బయటికి ఇవ్వకు. ఎక్సెల్ ఫైలు పంపేముందు దాచిన కాలమ్స్ తెరిచి చూడు. వట్టి ర్యాంకుల జాబితా అనుకుని పంపిన షీటులో ఫోన్ నంబర్ల కాలమ్ దాగి ఉండి, ఆ సాయంత్రం నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

పరిశోధన డేటా దగ్గర ప్రొఫెసర్లతో జాగ్రత్తగా మాట్లాడు. 2016లో వచ్చిన ఫెయిర్ (FAIR, నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు) సూత్రాలు చాలామంది చెబుతారు: డేటా వెతికితే దొరకాలి, అందుకునే దారి ఉండాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ వాడుకునేలా ఉండాలి. అందుకునే దారి అంటే అందరికీ తలుపులు బార్లా తీయడమని చాలామంది పొరబడతారు. ఎవరు, ఏ షరతుతో తీసుకోవచ్చో స్పష్టంగా రాసి ఉంటే, తాళం వేసిన డేటా కూడా ఫెయిరే. ఈ ఒక్క ముక్క చెబితే సగం మంది నీ వైపుకి వస్తారు.

ఆ "విద్యార్థి" పేజీ మొదటి డ్రాఫ్ట్ అవ్వగానే నాకు పంపు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు