పాత కారు అద్దం మొరాయిస్తే

అమెరికాకు చదువు కోసమో ఉద్యోగం కోసమో కొత్తగా వచ్చినవారిలో చాలామంది మొదట కొనేది పదేళ్లు పైబడిన టొయోటా కరోలానో హోండా సివిక్కో అయి ఉంటుంది. ఇంజను నిక్షేపంగా ఉన్నా, ఒకనాడు ఉన్నట్టుండి డ్రైవరు పక్క అద్దం సగం దిగి అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ మెకానిక్కులు గంటల లెక్కన కూలి వేస్తారు కాబట్టి, షాపుకు వెళ్లేముందే లోపం ఎక్కడుందో మీ అంతట మీరు తేల్చుకోవడం మంచిది. అందుకు పనిముట్లు అక్కర్లేదు, చెవి ఒగ్గి వింటే చాలావరకు తెలిసిపోతుంది.

తాళం ఆన్ చేసి స్విచ్ నొక్కండి. తలుపు లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా అద్దం కదలకపోతే, లేదా కటకటమంటూ ఒక పక్కకు ఒరిగిపోతే, సాధారణంగా పాడైనది మోటారు కాదు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరు. చాలా కార్లలో అది సన్నని ఉక్కు తీగతో, ప్లాస్టిక్ ముక్కలతో పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది, తీగ చిక్కుపడుతుంది.

అసలు చప్పుడే లేకపోతే కరెంటు వైపు చూడాలి. ఏ అద్దమూ పనిచేయకపోతే ముందు ఫ్యూజు చూడండి. డ్రైవరుది తప్ప మిగతా అద్దాలు, లేదా వెనుకవి మాత్రమే మొరాయిస్తే డ్రైవరు తలుపు మీది అద్దాల లాక్ బటన్ నొక్కి ఉందేమో గమనించండి. రాత్రిపూట తలుపు తెరిచి, లోపలి దీపం వెలుగుతుండగా స్విచ్ నొక్కినప్పుడు ఆ వెలుతురు కాస్త తగ్గితే, మోటారుకు కరెంటు అందుతోంది కాని అది తిరగలేకపోతోందని అర్థం. అప్పుడు స్విచ్ నొక్కి పట్టుకుని, తలుపు లోపలి అట్టను అరచేత్తో గట్టిగా తట్టండి. అద్దం కదిలిందంటే మోటారులోని బ్రష్షులు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అరిగిపోయి ఉండవచ్చు. పూర్తిగా పైకి ఎక్కించి, కొత్త మోటారు వేసేవరకు మళ్లీ దించకండి. వెలుతురు ఏమాత్రం తగ్గకపోతే స్విచ్‌నో, తలుపు మడతబందుల దగ్గర రబ్బరు గొట్టంలో నలిగి తెగిన తీగనో అనుమానించాలి.

డ్రైవరు అద్దం దిగని కారుతో తిరగాల్సి వస్తే ఒక సంగతి మరిచిపోవద్దు. పోలీసు ఆపినప్పుడు చటాక్కున తలుపు తెరవకూడదు. రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా ఉంచి, అద్దం పనిచేయడం లేదని గట్టిగా చెప్పి, ఆయన తెరవమన్నాకే తెరవాలి. మన దగ్గర దిగి ఎదురెళ్లి మాట్లాడటం మర్యాద. ఇక్కడ అదే ప్రమాదకరంగా కనిపిస్తుంది.

మీరే బాగుచేయదలిస్తే, తలుపులోనూ సీటులోనూ ఎయిర్‌బ్యాగుకు చెందిన భాగాలు ఉండవచ్చు కనుక, ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. అద్దాన్ని పైకి లేపి వెడల్పాటి టేపుతో తలుపు చట్రానికి అంటించండి, లేకపోతే పని మధ్యలో జారి వేళ్లు నలిగిపోతాయి. స్క్రూలు సాధారణంగా పిడి వెనుకా, చేయి ఆనించే చోటా చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. అవి తీశాక అట్ట క్లిప్పుల మీదే నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే క్లిప్పులు విరుగుతాయి, ప్లాస్టిక్ పనిముట్టు వాడండి. ఆటోజోన్ లాంటి కారు విడిభాగాల దుకాణాల్లో చాలా పనిముట్లను డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగి ఇచ్చినప్పుడు ఆ డబ్బు వాపసు చేస్తారు. అట్ట వెనుకనున్న ప్లాస్టిక్ కాగితాన్ని చింపకుండా విప్పి, చివరలో మళ్లీ జాగ్రత్తగా అంటించాలి; అది సరిగా లేకపోతే వాన నీరు కారు లోపలికి చేరుతుంది.

పాత కారుకు మోటారుతో కలిపి అమ్మే రెగ్యులేటరు కొనడమే నా సలహా. ఒకటి మార్చి మరొకటి వదిలేస్తే కొన్నాళ్లకు అదే తలుపు మళ్లీ విప్పవలసి రావచ్చు. ఆర్డరు చేసేటప్పుడు కారు తయారైన సంవత్సరం, మోడలు, తలుపుల సంఖ్య, ఏ పక్కదో సరిచూసుకోండి. బిగించాక, ఒక్క నొక్కుతో అద్దం పైకి వెళ్లే సదుపాయం ఉన్న కార్లలో దాన్ని మళ్లీ సెట్ చేయాల్సి రావచ్చు. మీ కారుకు దాని పద్ధతి కారుతో వచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

చలికాలంలో మంచు పట్టి అద్దం రబ్బరుకు అతుక్కున్నప్పుడు మాత్రం స్విచ్ జోలికి వెళ్లకండి. హీటరుతో కారు లోపలంతా వెచ్చబడేవరకు ఆగండి, అతుక్కుని ఉండగా నొక్కితే పాత రెగ్యులేటరు విరగవచ్చు. ఆకురాలు కాలంలోనే అద్దం జారే రబ్బరు గాడిలో సిలికాన్ స్ప్రే కొడితే, అతుక్కోవడమూ తగ్గుతుంది, మోటారు మీద భారమూ తగ్గుతుంది.