అతిప్రవాహిలో ‘సంక్షుబ్ధత’ అనవచ్చునా?

సందేహం: స్నిగ్ధత (పొరల మధ్య రాపిడి, viscosity) లేకుండా పారే ద్రవాన్ని అతిప్రవాహి అంటారు కదా! అలాంటప్పుడు ‘అతిప్రవాహిలో సంక్షుబ్ధత’ (సుడులతో కలతపడిన ప్రవాహస్థితి, turbulence) అనడం విరుద్ధప్రయోగం కాదా? దాని బదులు ‘కల్లోలం’ అనవచ్చునా?

సమాధానం: విరుద్ధప్రయోగం కాదు. ‘సంక్షుబ్ధత’కు మూలమైన ‘క్షుభ్’ ధాతువుకు కలతపడడం అని అర్థం. ఆ కలతకు స్నిగ్ధత కారణమన్న సూచన మాటలో లేదు, విషయంలోనూ లేదు. మామూలు నీటిలో సైతం స్నిగ్ధత చిన్న సుడులను అణచి వాటి శక్తిని వేడిగా మారుస్తుంది. కాబట్టి అది లేనిచోట సుడులే ఉండవనుకోవడం సరికాదు.

ద్రవ హీలియంను సుమారు 2.17 కెల్విన్‌ల కంటె చల్లబరిస్తే అతిప్రవాహి అవుతుంది. అందులో సుడి ఇష్టం వచ్చిన బలంతో తిరగడానికి వీల్లేదు. ప్లాంక్ స్థిరాంకాన్ని హీలియం పరమాణువు ద్రవ్యరాశితో భాగించగా వచ్చే విలువకు దాని ప్రసరణ (సుడి ఎంత బలంగా తిరుగుతోందో చెప్పే కొలత) పూర్ణాంక గుణిజంగానే ఉండాలని 1949లో శాస్త్రజ్ఞుడు ఆన్‌సాగర్ సూచించారు. అలాంటి సన్నని సుడిరేఖలు ఒకదానితో ఒకటి చిక్కుపడిన స్థితే అతిప్రవాహిలోని సంక్షుబ్ధత అని 1955లో భౌతిక శాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ ఊహించారు. తర్వాత కొద్దికాలానికే మరో భౌతిక శాస్త్రజ్ఞుడు వైనెన్ చేసిన ప్రయోగాలు ఆ ఊహను బలపరిచాయి. రెండు సుడిరేఖలు ఎదురుపడినచోట తెగి, కొసలు మార్చుకొని మళ్లీ అతుక్కుంటాయి. కంటికి అందని ఈ రేఖలను, వాటిలో చిక్కుకున్న ఘన హైడ్రోజన్ రేణువుల ఆధారంగా 2006లో శాస్త్రజ్ఞులు చిత్రాలలో చూపగలిగారు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరిచిన పని ఇదే.

ఇక ‘కల్లోలం’ సంగతి. సంస్కృతంలో ఆ మాటకు పెద్ద అల అని అర్థం. మనం చెప్పదలచిన దానిలో ప్రధానమైనది సుడి. పైగా సుడిరేఖల వెంట కెల్విన్ తరంగాలనే అలలు నిజంగానే పాకుతాయి గనుక, మొత్తం స్థితిని కల్లోలమంటే చదువరికి ఏది ఏదో తేలదు. ‘సంక్షోభం’ కూడా ఆ ధాతువునుంచే వచ్చినా, ఇప్పుడది ఆర్థిక, రాజకీయ విషయాలకు స్థిరపడిపోయింది. పాఠ్యపుస్తకాలలో ఉన్న ‘సంక్షుబ్ధ ప్రవాహం’తో పొత్తు కుదురుతుంది కాబట్టి ‘సంక్షుబ్ధత’ను నిలుపుకోవడమే మేలు.

అయితే సుడుల బలం ఇలా నిర్ణీత మోతాదులలోనే ఉండే ఈ స్థితిని ‘క్వాంటం ద్రవ సంక్షుబ్ధత’ అనకండి, ‘క్వాంటం ప్రవాహి సంక్షుబ్ధత’ అనండి. అతిశీతల పరమాణు వాయువులలోనూ ఇది కనిపించింది. ‘ప్రవాహి’లో ద్రవమూ వాయువూ రెండూ ఇముడుతాయి; ‘ద్రవం’ అంటే ఆ వాయువులు బయట పడిపోతాయి.