సర్వరు లోపాన్ని చిరునామా లోపంగా చెప్పనివ్వకు

చిరంజీవి సుధీర్‌కు నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

ఒంగోలులోని గ్రానైటు ఎగుమతుల కంపెనీవారు మెయిల్ సర్వరు బాధ్యతను నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషించాను. చీమకుర్తి రాయికి విదేశాల నుంచి వచ్చే ఆర్డర్లు దాని మీదుగానే రావాలి కనుక, ఉత్తరాన్ని అందించలేనప్పుడు అది ఏమని జవాబివ్వాలో నీవు ముందుగానే స్థిరపరచుకోవాలి.

ఆ జవాబులోని మూడంకెల కోడ్ 4తో మొదలైతే, పంపే సర్వరు ఉత్తరాన్ని క్యూలో ఉంచుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఆశ వదులుకుని పంపినవారికి తిప్పికొడుతుంది. అందుచేత లోపం నీ వైపున ఉన్నంతకాలం 5తో మొదలయ్యే జవాబు బయటికి పోకూడదు. డిస్కు నిండితే 452, ఖాతాల డేటాబేసు పలకకపోతే 451 వెళ్లాలి. ఆ డేటాబేసు కాసేపు ఆగిన సమయంలో, ఉన్న ఉద్యోగులందరి చిరునామాలకూ 550, అంటే అటువంటివారు లేరని చెప్పిన సర్వర్లను నేను చూశాను. రిజిస్టరు కనబడలేదని తపాలా ఉద్యోగి ఉత్తరాలన్నింటి మీదా 'చిరునామాదారు లేరు' అని రాసి పంపడం ఎంత అన్యాయమో ఇదీ అంతే, ఎందుకంటే కొనుగోలుదారు కంపెనీ మూతపడిందనుకుంటాడు. డేటాబేసు పలికి, ఆ పేరు తనలో లేదని చెప్పినప్పుడే 550 ఇవ్వాలి. నీ మెయిల్ సర్వరు సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌ఫిక్స్ అమరికలు మార్చే రోజున అందులోని సాఫ్ట్ బౌన్స్ అనే అమరికను ఆన్ చేసి ఉంచితే 5లన్నీ 4లుగా వెళతాయి. పని ముగిశాక దాన్ని ఆఫ్ చేయడం మరువకు.

ఉత్తరం మొత్తం అందుకుని 250, అంటే స్వీకరించానని, అన్న క్షణం నుంచి దాని భారం నీదే కనుక, డిస్కు మీద భద్రంగా రాసిన తరువాతే ఆ మాట చెప్పాలి. తిరస్కరించదలచినదాన్ని పంపే సర్వరుతో సంభాషణ నడుస్తుండగానే తిరస్కరించు. తీసుకుని తరువాత తిప్పికొడితే, దొంగ చిరునామాతో వచ్చిన స్పామ్‌కు నీ జవాబు ఏ పాపమూ ఎరుగని వారికి చేరుతుంది. తప్పనిసరిగా తిప్పికొట్టే నివేదికకు పంపినవారి చిరునామా ఖాళీగా ఉండాలి. లేకుంటే రెండు సర్వర్లు ఒకదానికొకటి తిప్పికొట్టుకుంటూనే ఉంటాయి.

మీరు పంపే ఉత్తరాల విషయంలో, ఈమెయిల్ బట్వాడా ప్రమాణపత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 కనీసం నాలుగైదు రోజులపాటు ప్రయత్నం మానవద్దంటుంది. పోస్ట్‌ఫిక్స్ సహజంగా 5 రోజులు ఉంచుతుంది, దాన్ని తగ్గించకు. అయితే 4 గంటలు దాటితే పంపినవారికి ఆలస్యం తెలిపే అమరికను నీవే పెట్టాలి.

వచ్చే ఆదివారం డేటాబేసును నీవే ఆపి, బయటి ఖాతా నుంచి ఒక ఉత్తరం పంపి, లాగ్‌లో 451 వచ్చిందో 550 వచ్చిందో చూడు. 550 కనబడితే కాన్ఫిగరేషన్ ఫైలు నాకు పంపించు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య