యాభై వేలకు సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా భర్త రాడ్ బెండింగ్ పని చేస్తారు, వయసు 40. 2025 ఆగస్టులో భీమవరంలో ఒక అపార్టుమెంటు పనిలో, ఇనుము కోసే మిషన్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా తెగిపోయాయి. రోజు కూలి 850 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు కాంట్రాక్టరు భరించారు. ఇల్లు గడవడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 90 వేలు తెచ్చాం. ఇప్పుడు 50 వేలు ఇస్తాం, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ఆ డబ్బు మా తమ్ముడి రొయ్యల చెరువులో వాటాగా పెట్టవచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దని మీ భర్తకు చెప్పండి. ఆయనకు రావలసింది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రమాదం 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి రాకముందే జరిగింది కాబట్టి, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే ఆయనకు వర్తిస్తుంది. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం పోయినట్లు ఆ చట్టం లెక్కగడుతుంది. నెల వేతనం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునేది 15,000 వరకే. అందులో 60 శాతం, అంటే 9,000 రూపాయలను, 40 ఏళ్ల వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చిస్తే 16,57,530 వస్తుంది, అందులో 20 శాతం 3,31,506 రూపాయలు. నెల రోజుల్లో చెల్లించకపోతే దానిపై ఏటా 12 శాతం వడ్డీ, అంటే మీ విషయంలో ఏడాదికి 39,780 రూపాయలు, అదనంగా రావాలి. గాయం మానేవరకు పని లేని రోజులకు ఇవ్వవలసిన సగం వేతనం గురించి కూడా అడగండి. ఆసుపత్రికి పెట్టిన ఖర్చును ఈ పరిహారంలో తగ్గించుకునే హక్కు యజమానికి లేదు.

ఆ 20 శాతమే ఆఖరి మాట అనుకోనక్కరలేదు. బైండింగ్ వైరును కొక్కెంతో మెలిపెట్టేటప్పుడు పట్టంతా ఆ రెండు వేళ్ల మీదే ఉంటుందని మీ ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఎడమ చేయి మోచేతి పైవరకు పోయిన ఒక వడ్రంగి ఒంటి చేత్తో తన వృత్తి చేయలేడు కాబట్టి అతనికి పూర్తి వైకల్యమే కలిగిందని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గాయం అంత పెద్దది కాకపోయినా, ఈ వాదన మీకు ఎంతవరకు పనికివస్తుందో న్యాయవాదిని అడగండి. దగ్గరి కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీని ఉచిత సహాయం కోసం కలవవచ్చు. దరఖాస్తు కార్మిక శాఖలో, ఈ చట్టం కింద నియమితులైన కమిషనరుకు రెండేళ్లలోపు ఇవ్వాలి. పని కాంట్రాక్టరుదైనా, కట్టించే వ్యాపారం బిల్డరుది కాబట్టి ఇద్దరినీ ప్రతివాదులుగా చూపండి. మీకూ యజమానికీ మధ్య రాజీ కుదిరినా, దానిని కమిషనరు వద్ద నమోదు చేయించకపోతే యజమాని బాధ్యత తీరదు.

ఈలోగా మిమ్మల్ని తినేస్తున్నది నెలకు 2,700 రూపాయల వడ్డీ. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఈ అప్పు తీర్చండి. ఏడాదికి నూటికి పది రూపాయల వడ్డీ పడినా నెలకు 750తో సరిపోతుంది. చేతిలో పట్టు లేనివారిని ఆతురతలో సంతకం వైపు నెట్టేది ఇలాంటి వడ్డీలేనని నా అభిప్రాయం.

రొయ్యల చెరువు ఆలోచన మానండి. తెల్లమచ్చ వైరస్ సోకినా, ఒక్క రాత్రి చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ (డీవో) పడిపోయినా, ఎగుమతి ధర దిగినా పోయేది మీ భర్త వేళ్లకు బదులుగా వచ్చిన సొమ్ము. పరిహారం అందాక ముందు బాకీ తీర్చి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచి, మిగిలినది పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయండి.

ఈ వారమే ఒక పని చేయండి. మేస్త్రీ హాజరు రాసుకునే చిన్న నోటుపుస్తకంలో, ఆగస్టు పేజీలో మీ ఆయన పేరు, కూలి ఉన్న వరుసను ఫోనులో ఫోటో తీయించుకోండి. ఫోనులో కూలి జమ అయిన సందేశాలను, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్ని దానితో కలిపి ఒకేచోట భద్రపరచండి.