బోస్టన్ ప్రాంతంలో నీటి ఖర్చును అదుపు చేయడానికి ఏం చేశారు?

ఊళ్లన్నీ కలిసి నీటి సంస్థను నడిపితే బిల్లు తగ్గుతుందా అన్నది ప్రశ్న. దానంతట అదే తగ్గదు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ.

అక్కడ 1984లో చట్టం ద్వారా మసాచుసెట్స్ జలవనరుల సంస్థ ఏర్పడింది. చుట్టుపక్కల సుమారు 60 ఊళ్లకు నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి, లేదా రెండూ దాని బాధ్యతే. కోర్టు ఆదేశంతో చేపట్టిన బోస్టన్ హార్బర్ (ఓడరేవు) ప్రక్షాళనకు వందల కోట్ల డాలర్లు ఖర్చయి, మొదట్లో బిల్లులు విపరీతంగా పెరిగాయి. జనం ఆగ్రహించారు, అది న్యాయమే.

నా దృష్టిలో అసలు విజయం పైపుల మరమ్మతులో ఉంది. 1980లలో రోజువారీ వాడకం 30 కోట్ల గ్యాలన్లు దాటింది. కనెక్టికట్ నది నుంచి నీరు మళ్లించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దాని బదులు లీకేజీలు వెతికి పూడ్చారు, తక్కువ నీరు వాడే పరికరాలు అమర్చారు. వాడకం క్రమంగా 20 కోట్ల గ్యాలన్ల దరిదాపులకు దిగింది. మళ్లింపు అవసరమే రాలేదు, దాని అప్పూ జనం నెత్తిన పడలేదు.

పాత పైపులు మార్చుకోవడానికి ఊళ్లకు సంస్థే వడ్డీ లేని రుణాలిస్తుంది. చిన్న ఊరికి ఇది చాలా పెద్ద ఊరట, ఎందుకంటే దీర్ఘకాలిక అప్పులో వడ్డీయే భారీ మొత్తమవుతుంది. డీర్ ఐలాండ్ శుద్ధి కేంద్రంలో మురుగు బురద నుంచి వచ్చే మీథేన్‌తో వేడి, విద్యుత్తు తయారుచేసి కరెంటు ఖర్చు కూడా తగ్గించుకుంటున్నారు.

అయితే పేద కుటుంబాలకు ఇవన్నీ సరిపోవు. వాళ్లకు బిల్లులో నేరుగా రాయితీ ఇవ్వాల్సిందే.